రేటు రాయని గడి

పోయినవి ముందు చెప్పేస్తాను. మేం ముందు పని అప్పగించిన కంపెనీకి ఇచ్చిన అడ్వాన్సు పదకొండు లక్షలు. ఆ కంపెనీ తవ్వి వదిలేసిన గుంతను సరిచేసి, పక్కలకు ఆసరా కట్టి, పని మళ్ళీ మొదలుపెట్టినందుకు తర్వాత వచ్చిన కంపెనీకి అదనంగా ఇచ్చింది ఏడు లక్షల ఇరవై వేలు. పక్కింటి ఆంటీ ముందు గది గోడ ఒకటి, దాని మీద ఆనుకున్న పైకప్పులో సగం, పిల్లలు కూర్చునే బెంచీలు రెండు, ఫ్యాను ఒకటి. నాలుగు కుటుంబాల మధ్య ఇరవై ఏళ్ళుగా ఉన్న రాకపోకల్లో సగానికి పైగా. దీనికి విలువ కట్టడం నాకు చేతకాలేదు. మనుషులు: సున్నా. ఆ చోటు ఖాళీగా వదలకుండా సున్నా అనే రాసుకున్నాను. ఖాళీకీ సున్నాకీ ఎంత తేడా ఉందో ఇప్పుడు నాకు బాగా తెలుసు.

ఆ నాలుగు కుటుంబాల్లో మాదొకటి. మగవాళ్ళు నలుగురూ ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు. జనక్‌పురిలో మాది అద్దె ఇల్లు, మిగతా ముగ్గురివీ సర్కారు క్వార్టర్లు. రిటైరయ్యే రోజు దగ్గరపడుతోంది, క్వార్టరు వదిలితే తల దాచుకునే చోటు కావాలి. నలుగురూ పీఎఫ్ డబ్బు తీసి ఫరీదాబాద్‌లో ఒక ప్లాటు కొన్నారు. అడుగున బేస్‌మెంటు, నేల మీద కార్లు, పైన నాలుగు అంతస్తులు, ఇంటికొకటి. చీట్లు తీస్తే మాకు మూడో అంతస్తు వచ్చింది. ఇక కట్టడానికి నమ్మదగిన ఇంజనీరింగ్ కంపెనీని వెతకాలి.

లెక్కలు రాసే పని నాకు అప్పజెప్పారు. నేను చదివింది తక్కువ, ఇంటర్ తప్పాను. అనంతపురం నుంచి పెళ్ళయి ఇక్కడికి వచ్చాక, మా కాలనీలో పదిహేనేళ్ళు చీటీలు నడిపి, వడ్డీలూ శాతాలూ నాకు నేనే నేర్చుకున్నాను. ఇప్పుడు రెండు దుకాణాలకు జీఎస్టీ లెక్కలు చూసిపెడతాను. చీటీల వల్ల నాకొక భయం అలవాటైంది. పాటలో అందరికంటే ఎక్కువ వదులుకుని చీటీ ఎత్తుకునే మనిషిని చూసి మిగతావాళ్ళు సంతోషపడతారు, తమ వాటాకు లాభం పెరిగిందని. నేను మాత్రం ఆ రోజు నుంచి ఆ మనిషి గురించే భయపడేదాన్ని. అంత నష్టానికి ఒప్పుకున్నాడంటే అవసరం ఎంత ముదిరిందో, రేపు వాయిదా కడతాడో లేదో అని. అలాంటి మనిషిని ఇద్దరి జామీను అడిగేదాన్ని.

మూడు కంపెనీలను చూశాం. మొదటిది గుర్గావ్‌లో అద్దాల మేడలో ఉంది. కాఫీ ఇచ్చారు, గోడ మీద బొమ్మలు వేసి చూపించారు, మా పని వాళ్ళ స్థాయికి చాలా చిన్నదన్నట్టు మాట్లాడారు. వాళ్ళు చెప్పిన రేటు విని లేచి వచ్చి మెట్రో ఎక్కేశాం. అది అక్కడితో పోయింది.

రెండోది ఫరీదాబాద్‌లోనే, ఇనుప సామాన్ల దుకాణం పైన ఒక గది. తండ్రీ కూతురూ ఇద్దరూ ఇంజనీర్లు. ప్లాటు చూపిద్దామని రమ్మంటే ఆ అమ్మాయి మా ప్లాటు వైపు చూడనే లేదు. పక్కింట్లో ఎవరుంటారని అడిగింది. ఎడమ వైపు మా హద్దును ఆనుకుని ఒక పాత డాబా ఇల్లు ఉంది. రిటైరైన పంజాబీ టీచరు ఒకావిడ ఒంటరిగా ఉంటూ, ముందు గదిలో పిల్లలకు ట్యూషన్ చెబుతుంది. ఆ అమ్మాయి తలుపు కొట్టి లోపలికి వెళ్ళి, గోడ ఎప్పుడు కట్టిందో, పునాది ఎంత లోతో అడిగింది. ఆంటీకి తెలియకపోతే గోడ పక్కన మా వైపు మూరెడు లోతు గుంత తీయించి తానే చూసింది. మా మగవాళ్ళకు అది నచ్చలేదు. మన పని చూడమంటే ఊరి పని చూస్తోందని మా ఆయన గొణిగాడు. తర్వాత వాళ్ళు సీలు వేసి ఇచ్చిన కొటేషన్ రెండు కాగితాలే. అందులో ఒక వరుస: పక్కింటి వైపు మట్టి జారకుండా ఇనుప ఆసరా, మూడు లక్షల ఎనభై వేలు.

మూడో కంపెనీ యజమాని తానే మా ఇంటికి వచ్చాడు. చేతిలో ఒక ఫైలు. లోపల రంగు రంగుల చీటీలు అంటించి, రిజిస్ట్రేషన్, పన్ను కాగితాలు, ముందు చేసిన సర్కారు పనుల సర్టిఫికెట్లు, అన్నీ ఒక వరుసలో కుట్టి ఉన్నాయి. ప్రతి పేజీకీ నంబరు, ప్రతి నకలు మీదా అటెస్టేషన్. మా ఆయన ఆ ఫైలును తిప్పుతుంటే ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆఫీసులో ముప్పై ఏళ్ళుగా తాను అడిగి అడిగి తెప్పించుకోలేని ఫైలు, ఎవరో అడక్కుండానే తెచ్చి ఒళ్ళో పెట్టినట్టుంది.

ఒక ఆదివారం మా ఇంట్లోనే ఇద్దరి కొటేషన్ కవర్లూ విప్పారు. ఆఫీసులో విప్పినట్టే. ముందు సీలు చూసుకున్నారు, తర్వాత నలుగురూ కవరు మీద సంతకాలు చేశారు. నేను పెద్ద కాగితం మీద గళ్ళు గీసి, పనులు ఒక వైపు, కంపెనీలు ఒక వైపు పెట్టి రేట్లు ఎక్కించాను. మూడో కంపెనీ మొత్తం రెండో కంపెనీ కంటే నాలుగు లక్షల పది వేలు తక్కువ. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆసరా అనే వరుసలో మాత్రం మూడో కంపెనీ గడి ఖాళీగా ఉంది.

"ఈ గడిలో ఏమీ రాయలేదు," అన్నాను.

"రాయకపోతే మనకే మంచిది," అన్నాడు మా ఆయన. "రేటు రాయని ఐటెం మిగతా రేట్లలో కలిసిపోయినట్టే లెక్క. పని చేసి తీరాల. పైసా అడిగేదానికి లేదు. టెండరు రూలు అది."

"ఆ రూలు ఆయనకు తెలుసునా?"

"సర్కారు పనులు చేసేవానికి తెలీకుండా ఉంటాదా?"

"ఈ ఒక్క గడి పక్కన పెడితే ఇద్దరికీ తేడా ముప్పై వేలే. ఒక ఫోన్ చేసి అడగండి. కలిపినాడా, మరిచిపోయినాడా, చేయనే చేయడా అని."

మా ఆయన నన్ను జాలిగా చూశాడు. "అడిగితే రేటు చెప్తాడే. అడక్కుండా ఉండేదే తెలివి."

నలుగురిలో కరీంనగర్ ఆయనను నేను అన్నయ్య అని పిలుస్తాను. ఆయన కాగితం నా చేతిలోంచి తీసుకుని నవ్వాడు. "గిది చీటీ గాదు చెల్లె. బావ టెండర్ సెక్షన్ల ఇరవై ఏండ్లు కూసున్నడు. నువ్వు బియ్యంల రాళ్ళు ఏరినట్టు ఏరుతున్నవు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వి చాయ్ పెట్టడానికి లేచాను. చాయ్ వడగడుతున్నా కళ్ళ ముందు ఆ ఖాళీ గడే. నా లెక్కల్లో ఖాళీ అంటే ఏమీ లేదని కాదు, ఎంతో ఇంకా తెలియదని. ఎంతో తెలియనిదానికి భయపడడం తప్ప నాకు ఇంకొకటి చేతకాదు.

పని మూడో కంపెనీకే ఇచ్చారు. యజమాని అడ్వాన్సు కూడా సర్కారు పద్ధతిలోనే అడిగాడు, మిషన్లూ మనుషులూ దించడానికని. ఇచ్చారు. ఎండాకాలంలో జేసీబీ దిగింది. నేను శనివారాలు మెట్రో మారి మారి ఫరీదాబాద్ వెళ్ళి వచ్చిన సామాను లెక్క చూసుకునేదాన్ని. అక్కడి మట్టి మా అనంతపురం మట్టిలా పట్టు ఉన్నది కాదు. పిండిలాంటి సన్న ఇసుక. ఆంటీ గోడ అంచు నుంచి నిలువునా, కేకు కోసినట్టు, ఇద్దరు మనుషుల లోతు దాకా కోసేశారు. గోడ కింద పునాది ఇటుకలు బయటికి కనిపించాయి. ఆసరా ఎప్పుడు కడతారని మేస్త్రీని అడిగితే, తనకు ఎవరూ చెప్పలేదన్నాడు.

నేను అక్కడికి వెళ్ళినప్పుడల్లా ఆంటీ పిలిచి చాయ్ ఇచ్చేది. ఒక శనివారం ఆవిడ నల్లబల్ల ఉన్న గోడ మీద సన్నటి బీట కనిపించింది. పైకప్పు మూల నుంచి మెలికలు తిరుగుతూ నల్లబల్ల వెనక్కి పోయింది. పిల్లలు దానికి అప్పటికే యమున అని పేరు పెట్టారు. ఆంటీ నవ్వుతూ చెప్పింది ఆ మాట. ఎప్పటి నుంచి ఉందని అడిగితే, మీ మిషన్ వచ్చాకే బేటా, అని మామూలుగా అంది. చాయ్ గ్లాసు అలాగే కింద పెట్టేసి లేచాను.

మా మగవాళ్ళకు చెప్పక ముందే నేను రెండో కంపెనీ అమ్మాయికి ఫోన్ చేశాను. మేం వద్దనుకున్న మనిషిని సాయం అడగడానికి సిగ్గేసింది, కానీ భయం ముందు అది నిలవలేదు. ఆ అమ్మాయి స్కూటీ మీద వచ్చింది. సన్నటి గాజు ముక్క ఒకటి తీసి, బీటకు అడ్డంగా పెట్టి, రెండు చివరలూ గోడకు అతికించింది. బీట కదలకపోతే గాజు అలాగే ఉంటుంది, కదిలితే పగులుతుంది, పగిలిన రోజు ఈ గదిలో ఎవరూ కూర్చోకూడదు అని చెప్పింది. డబ్బు ఇవ్వబోతే, గాజు ముక్కకి బిల్లు వెయ్యను దీదీ, మా పాపాజీ తిడతారు, అని వెళ్ళిపోయింది.

ఆ మరుసటి ఆదివారం నలుగురు మగవాళ్ళూ మూడో కంపెనీ యజమానిని ప్లాటు దగ్గరికి పిలిపించారు. నేనూ వెళ్ళాను. ఆయన మర్యాదగానే ఉన్నాడు. ఇల్లు పాతది, బీటలు ముందే ఉన్నాయి సర్, అన్నాడు. ఆసరా సంగతి ఎత్తితే ఆశ్చర్యపోయాడు.

"దానికి నేను రేటే రాయలేదు కదా సర్. రేటు రాయని పని ఎలా చేస్తాను?"

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. రాయని రేటు మిగతావాటిలో చేరినట్టేనని, చేయాల్సిన బాధ్యత మీదేనని, హిందీలో, ఆఫీసులో మాట్లాడినట్టే నెమ్మదిగా చెప్పాడు.

ఆ మనిషి విని చిన్నగా నవ్వాడు. "అది సర్కారు పనిలో సర్. అక్కడ చెయ్యకపోతే బిల్లు ఆపుతారు, బ్లాక్‌లిస్టులో పెడతారు. అందుకని చేస్తాం. ఇక్కడ ఆపడానికి మీ దగ్గర నా బిల్లు ఏముంది? అడ్వాన్సు ఇచ్చేశారు కదా."

 మా ఆయన మెడ మీద చెమట కారడం వెనక నిలబడ్డ నాకు కనిపించింది. ఆయనకు కోపం వచ్చిందనుకున్నారు మిగతావాళ్ళు. నాకు తెలుసు, అది భయం. ముప్పై ఏళ్ళు పట్టుకుని నడిచిన కర్ర ఒకటి ఆ గుంత అంచున ఆయన చేతిలో విరిగింది.

ఆ వారమే జేసీబీ వెళ్ళిపోయింది, మనుషులూ వెళ్ళిపోయారు. గుంత తెరుచుకుని ఉంది. ముందు మూడు లక్షల ఎనభై వేలు మనమే వేసుకుని రెండో కంపెనీతో ఆసరా కట్టిద్దామన్నాను. మా ఆయన ఒప్పుకోలేదు. మనం కట్టిస్తే ఆ పని అవతలివాడిది కాదని మనమే ఒప్పుకున్నట్టవుతుందన్నాడు. ముందు నోటీసు, తర్వాత రిమైండర్, తర్వాత రెండో రిమైండర్, అప్పుడు గానీ వేరేవాళ్ళను పెట్టకూడదన్నాడు. అది కూడా రూలే. మిగతా ముగ్గురూ తలూపారు. జేబులోంచి డబ్బు తీయకుండా ఉండడానికి అంతకంటే మంచి కారణం దొరకదు కదా. నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో వెళ్ళింది. గడువు ముగిశాక మొదటి రిమైండర్ వెళ్ళింది. ప్రతి కాగితం మీదా పైన నంబరు, తేదీ, విషయం. మా ఆయన చాలా బాగా రాసేవాడు. నేను వంటింటి కిటికీలోంచి మబ్బులు చూసేదాన్ని.

ట్యూషన్ వెనక గదిలోకి మార్చమని ఆంటీని బతిమాలాను. వెనక గదిలో గాలి రాదు, పదహారు మంది పిల్లలు, ఫ్యాను లేదు అంది. ఇంకా బతిమాలితే నవ్వింది. "నువ్వు చాలా భయపడతావు బేటా. ఈ గోడ మా ఆయన దగ్గరుండి కట్టించింది. గాజు పగల్లేదుగా?"

పగల్లేదు. నిజమే. నేను వెళ్ళినప్పుడల్లా ముందు దాన్నే చూసేదాన్ని. మెట్రో దిగి వచ్చి ఆ సందు మలుపు తిరిగేటప్పుడు గోడ నిలబడి ఉందో లేదో అని అడుగులు వేగమయ్యేవి. ఇంట్లో ఎవరైనా గ్లాసు జారవిడిస్తే ఉలిక్కిపడేదాన్ని. దుకాణం లెక్కల్లో మొదటిసారి ఆ నెలలో నేను కూడిక తప్పాను.

రెండో రిమైండర్ వెళ్ళిన తర్వాత వాన మొదలైంది. తెల్లవారుజాము నుంచి కురుస్తూనే ఉంది. ఆ రోజు శనివారం కాదు, అయినా మా ఆయనకు చెప్పకుండా బయల్దేరాను. మెట్రో కిటికీ మీద నీళ్ళు ధారలుగా పోతుంటే నాకు ఆ ఇసుక మట్టే కనిపించింది. నేను చేరేసరికి మధ్యాహ్నం దాటింది. వాన తగ్గి తుంపర పడుతోంది. గుంతలో నీళ్ళు నిలిచాయి. ఆంటీ గోడ వైపు మట్టి అంచు లోపలికి జారి, పునాది కింద చెయ్యి దూరేంత సందు ఏర్పడింది.

ముందు గదిలో పిల్లలు బెంచీల మీద కూర్చుని భిన్నాలు చేస్తున్నారు. గాజు ముక్క అలాగే ఉంది. నేను దగ్గరికెళ్ళి వేలితో తాకాను. గాజు పగల్లేదు గానీ, ఒక చివర అతికించిన ముద్ద చెమ్మకు నాని గోడ నుంచి ఊడిపోయింది. గాజు ఒక వైపే వేలాడుతోంది. అది ఎప్పుడు ఊడిందో, అప్పటి నుంచి గోడ ఎంత కదిలిందో చెప్పేవాళ్ళు లేరు. ఇన్నాళ్ళూ నేను చూసి ధైర్యం తెచ్చుకున్నది ఆ ఊడిపోయిన గాజునేనేమో. 

ఆంటీకి చెబితే, పాఠం అయ్యాక చూద్దాం అంది. నాకు హిందీ మాటలు అందలేదు. ఏం చేయాలో తోచక నల్లబల్లను రెండు చేతులా పట్టుకుని మేకు మీద నుంచి ఎత్తేశాను. మేకుతో పాటు అరచేతంత పెచ్చు ఊడి కింద పడింది. దాని వెనక ఇటుకల మధ్య నుంచి వెలుతురు కనిపించింది. గుంత వైపు వెలుతురు. వాన చినుకు ఒకటి లోపలికి వచ్చి నా మణికట్టు మీద పడింది.

పిల్లలు రాయడం ఆపి తలలెత్తారు. ఆంటీ ఆ వెలుతురు వంక చూసింది. గొంతు పెంచకుండా, టీచరు గొంతుతోనే, "పుస్తకాలు ఇక్కడే వదిలెయ్యండి. చేతులు పట్టుకుని వరుసలో బయటికి," అంది.

సందు చివర ఇస్త్రీ భయ్యా కట్టుకున్న టార్పాలిన్ పట్టా కింద అందరం నిలబడ్డాం. ఆంటీ పిల్లలను లెక్కపెట్టింది. నేనూ లెక్కపెట్టాను. పదహారు. మళ్ళీ లెక్కపెట్టాను. ఒక పిల్ల వాటర్ బాటిల్ మరిచిపోయానని వెనక్కి తిరగబోతే, నేను దాని చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నానంటే అది ఏడ్చింది. కాసేపటికి ఇసుక లారీ ఒంపినట్టు చప్పుడైంది. పెద్ద చప్పుడు కూడా కాదు. గోడ గుంతలోకి ఒరిగిపోయింది, పైకప్పు సగం దాని వెంట వెళ్ళింది. ఫ్యాను తీగకు వేలాడి, ఆ తర్వాత పడింది. ఆంటీ ఆ వైపు చూస్తూ, "ఆయన దగ్గరుండి కట్టించాడు," అంది. ఇస్త్రీ భయ్యా ఆవిడకు స్టూలు వేశాడు.

తర్వాత జరిగింది మామూలే. మూడో కంపెనీ ఫోను ఎత్తలేదు. రెండో కంపెనీ తండ్రీ కూతురూ వచ్చారు. ఆ పెద్దాయన మా మగవాళ్ళ వైపు చూడకుండా ముందు ఆంటీ ఇంట్లోకి వెళ్ళి మిగిలిన కప్పు పడకుండా కింద పోట్లు పెట్టించి, ఆ తర్వాతే గుంత దగ్గరికి వచ్చాడు. మేం వద్దనుకున్న నాటి రేటుకు ఇప్పుడు పని కాదని నిజమే చెప్పాడు. ఎవరూ బేరం ఆడలేదు. కరీంనగర్ అన్నయ్య నాతో ఒక్క మాటన్నాడు, తల దించుకుని. "నువ్వు ఏరింది రాయే చెల్లె." మిగతా ఇద్దరి ఇళ్ళ నుంచి ఫోన్లు రావడం తగ్గింది. మా ఆయన రూలు వల్లే ఇదంతా అని వాళ్ళ మధ్య అనుకుంటున్నారని తెలిసింది.

ఆంటీ గోడ, కప్పు, బెంచీలు, ఆ నెలల్లో ట్యూషన్‌కు అద్దెకు తీసుకున్న గది, అన్నీ కలిపి ఐదు లక్షల ఇరవై వేలు. లెక్క కట్టింది నేనే. ఆంటీ ఒక్కసారి కూడా అడగలేదు. మనిషికి లక్షా ముప్పై వేలు. మిగతా ముగ్గురూ ఇచ్చేశారు. మా ఆయన ఇవ్వలేదు. ఆయన కంపెనీ మీద కేసు వేశాడు. ఆ వరుసలో పని చేయాల్సింది కంపెనీ అని తేలితే, గోడ ఖర్చు కూడా కంపెనీదే. ఇప్పుడు మనం ఇస్తే ఆ గడి ఖాళీగానే ఉండిందని ఒప్పుకున్నట్టవుతుందట. ఆ మాట చెప్పేటప్పుడు నా కళ్ళలోకి చూడడు. ఆయనతో వాదించను. ఆయనకు పట్టుకోవడానికి అదొక్కటే మిగిలింది, అది కూడా నేను లాక్కుంటే ఏమవుతాడోనని నాకు ఇంకో భయం.

మా ఇల్లు ఇప్పుడు రెండో అంతస్తు దాకా లేచింది. వాన పడ్డ రోజు ఇప్పటికీ ఆంటీకి ఫోన్ చేస్తాను. గోడ ఎలా ఉందంటే, "కొత్తది బేటా, నాకంటే గట్టిగా ఉంది," అంటుంది. ఆ ఫోను పెట్టేదాకా అన్నం సహించదు. దుకాణాల వాళ్ళు ఇచ్చే డబ్బులోంచి నెలకు మూడు వేలు తీసి, ఫరీదాబాద్ వెళ్ళి ఆంటీ చేతిలో పెడతాను. ఆవిడ చూడకుండానే కొంగున ముడి వేసుకుంటుంది. లెక్క చూసుకోండి ఆంటీజీ అంటే, నువ్వు చూసే ఉంటావుగా అంటుంది. మా ఆయనకు ఈ సంగతి తెలుసో తెలియదో నేను అడగలేదు. ఇప్పటికి పన్నెండు నెలలు కట్టాను. మా వాటాలో ఇవ్వవలసింది ఇంకా తొంభై నాలుగు వేలు.